పాతిక శాతం, ఆపైన ఒక్క షేరు

ఫుట్‌బాల్ అభిమాని ఇంట్లో క్లబ్ షేర్ సర్టిఫికెట్ చాలాసార్లు బీరువాలో కాదు, గోడ మీద ఉంటుంది. ఫ్రేము కట్టించి జట్టు ఫొటో పక్కన తగిలిస్తారు. ఒక షేరు, మహా అయితే పది. దాని మీద డివిడెండు వస్తుందని కొన్నవారు లేరు. ఏడాదికోసారి వాటాదారుల సమావేశానికి వెళ్లి, చైర్మన్‌ను ఒక ప్రశ్న అడగవచ్చు. జవాబు వచ్చినా రాకపోయినా, చేతులెత్తే వేళకు పెద్ద వాటాదారు మాటే నెగ్గుతుంది. ఇలా ఇంటికొకటిగా వేలాడుతున్న ఈ కాగితాలను ఒక్క కట్టగా కట్టి ఒకే ఓటుగా వెయ్యాలని అభిమానులు చేస్తున్న ప్రయత్నానికి ముప్పై ఏళ్లు దాటాయి. 1992లో నార్తాంప్టన్ టౌన్ అభిమానులు ట్రస్టు పెట్టి, షేర్లు కొని, తమ మనిషిని బోర్డులో కూర్చోబెట్టడంతో బ్రిటన్‌లో ఇది మొదలైంది. ఆ ప్రయత్నాన్ని మేము సమర్థిస్తున్నాం. కాకపోతే ఎంత కట్ట కడితే పని జరుగుతుందో లెక్క చూసుకోకుండా దిగినవారు దెబ్బతిన్నారు. మా మాట ఆ లెక్క గురించే.

బ్రిటన్‌లో ఆ లెక్క 2006 నాటి కంపెనీల చట్టంలో ఉంది. 5 శాతం ఓట్లు చేతిలో ఉంటే వాటాదారుల సమావేశం పెట్టాల్సిందేనని డైరెక్టర్లను నిలదీయవచ్చు. సగానికి పైగా ఉంటే డైరెక్టర్లను నియమించవచ్చు, సాగనంపవచ్చు. కంపెనీ నియమావళిని మార్చాలంటే మాత్రం ప్రత్యేక తీర్మానం కావాలి, పోలైన ఓట్లలో 75 శాతం దానికి పడాలి. అంటే నాలుగో వంతు మీద ఒక్క షేరు ఎక్కువున్నా ఆ తీర్మానాన్ని అక్కడే ఆపేయవచ్చు. ఇక టేకోవర్‌కు వచ్చినవారు కొంటామన్న షేర్లలో 90 శాతం వారి చేతికి చిక్కితే, మిగతావారు అమ్మనని మొండికేసినా లాభం లేదు. చట్టమే అమ్మిస్తుంది. ఎవరు ఎన్నేళ్లుగా స్టేడియానికి వస్తున్నారన్న గడి ఈ పట్టికలో లేదు.

మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులకు ఇది రెండు విడతల్లో బోధపడింది. 1998లో మీడియా అధిపతి మర్డోక్ ఆధీనంలోని టీవీ కంపెనీ బీస్కైబీ 62.3 కోట్ల పౌండ్లకు క్లబ్‌ను కొనబోతే చిన్న వాటాదారులు ఏకమై అడ్డం తిరిగారు. మరుసటి ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ బేరాన్ని ఆపింది. గెలిచిన మాట నిజమే. గెలిపించింది మాత్రం వ్యాపార పోటీ చట్టాల కింద జరిగిన విచారణ, దాని వెనకున్న జనాగ్రహం. షేర్ల బలం ఎంతో 2005లో క్లబ్‌ను కొనడానికి అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం వచ్చినప్పుడు తేలింది. ఐరిష్ వ్యాపారులు జాన్ మాగ్నియర్, జె.పి. మెక్‌మానస్ తమ 28.7 శాతం అమ్మేశారు. రోజుల్లోనే గ్లేజర్ల వాటా 75 శాతం దాటింది. ఆ వెనుకే క్లబ్ స్టాక్ మార్కెట్ నుంచి తప్పుకుంది, కొనడానికి తెచ్చిన అప్పులో పెద్ద భాగం కొన్న క్లబ్ నెత్తికే ఎక్కింది. షేరుకు 3 పౌండ్లు. తండ్రి కొనిచ్చిన షేరు ప్రాణం పోయినా ఇవ్వనన్నవారికీ చివరికి అదే ధర ముట్టింది. అభిమానులు షేర్లు కూడగట్టాలని పరుగులు తీయలేదా అంటే, తీశారు. కానీ 79 కోట్ల పౌండ్లు పలికిన కంపెనీలో నాలుగో వంతంటే దాదాపు 20 కోట్లు. జీతాల్లోంచి మిగిల్చి అంత సొమ్ము పోగుచెయ్యడానికి నెలలు చాలవు.

లండన్ క్లబ్ ఆర్సెనల్‌లో ముందుచూపు లేదని అనలేం. ఒక్క షేరు పదివేల పౌండ్లు దాటిన 2010లోనే అక్కడి అభిమానుల ట్రస్టు ‘ఫ్యాన్‌షేర్’ పథకం పెట్టింది. కొద్దికొద్దిగా కట్టిన వాళ్లందరి తరఫునా షేర్లు కొని, ఒక్కొక్కరికీ అందులో ఓ తునక రాసిచ్చేవారు. కానీ 2018 ఆగస్టులో అలిషేర్ ఉస్మానోవ్ తన 30 శాతాన్ని అతిపెద్ద వాటాదారు స్టాన్ క్రోంకీకి అమ్మడానికి ఒప్పుకోవడంతో 67 శాతం కాస్తా 97 అయింది. తరతరాలుగా అభిమానుల ఇళ్లలో ఉన్న షేర్లు ఒక్కొక్కటి 29,419.64 పౌండ్ల చొప్పున ఇష్టం ఉన్నా లేకున్నా చేతులు మారాయి. అంత సొమ్ము వస్తుంటే కూడా ట్రస్టు దాన్ని దుర్దినంగానే చూసింది. ఏటా పద్దులు అడిగి చూసుకునే చనువు పోయింది మరి.

మా దృష్టిలో అన్నిటికన్నా శ్రద్ధగా చదవాల్సింది వేల్స్ క్లబ్ స్వాన్సీ ఉదంతం. 2002 జనవరిలో, దివాలా అంచున ఉన్న క్లబ్‌ను నాటి యజమాని చేతుల్లోంచి లాగడంలో అభిమానుల ట్రస్టు ముందుంది. దానికి దాదాపు 21 శాతం వాటా, బోర్డులో ఒక కుర్చీ దక్కాయి. 2003లో ఆఖరి మ్యాచ్ గెలిచి లీగ్‌లో నిలదొక్కుకున్న ఆ జట్టు 2011లో ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది, 2013లో లీగ్ కప్ ఎత్తింది. అభిమానుల భాగస్వామ్యం అనగానే అందరూ స్వాన్సీని చూపించేవారు. 2016లో మిగతా వాటాదారుల్లో పలువురు తమ వాటాలను అమెరికా పెట్టుబడిదారులకు అమ్మేశారు. బేరం సాగినన్నాళ్లూ తమను చీకట్లో ఉంచారని ట్రస్టు వాపోయింది. కుర్చీ ఉంది, కుర్చీలో మనిషి ఉన్నాడు, మాటలు మాత్రం మరో గదిలో జరిగాయన్నమాట. తగాదా 2022లో రాజీతో ముగిసింది.

ఇక్కడ ఒక చిక్కు దాచకుండా చెప్పాలి. స్వాన్సీ ట్రస్టుకు 21కి బదులు 26 శాతం ఉన్నా ఇతరులు తమ షేర్లు అమ్ముకోవడాన్ని ఆపలేకపోయేది. నాలుగో వంతు కాపాడేది నియమావళిని, అమ్మకాన్ని కాదు. అమ్మకం సంగతికి వాటాదారుల మధ్య రాతకోతలు ఉండాలి: ఎవరు అమ్మదలచినా ముందు ట్రస్టుకు చెప్పాలి, వాళ్లకిచ్చే ధరే ట్రస్టుకూ ఇవ్వజూపాలి. కష్టకాలంలో భుజం భుజం కలిపి క్లబ్‌ను నిలబెట్టినవాళ్ల మధ్య సంతకాలేమిటి, నమ్మకం లేదా అనిపిస్తుంది. ఆ మొహమాటానికి పోకూడదు. ప్రీమియర్ లీగ్ ధర పలికే రోజున పాత స్నేహితుడు కూడా లాయరుతోనే వస్తాడు.

ఎడిన్‌బరా క్లబ్ హార్ట్స్‌లో ఈ పని ఓపిగ్గా జరిగింది. 2013లో క్లబ్ దివాలా ప్రక్రియలోకి వెళ్లినప్పుడు ‘ఫౌండేషన్ ఆఫ్ హార్ట్స్’ సభ్యులు నెలనెలా చందా కట్టడం మొదలుపెట్టారు. వ్యాపారవేత్త ఆన్ బడ్జ్ 2014లో ముందుగా డబ్బు పెట్టి క్లబ్‌ను విడిపించారు, ఏళ్ల తరబడి చందాలతో అభిమానులు ఆ బాకీ తీర్చారు. 2021 ఆగస్టులో 75.1 శాతం షేర్లు ఫౌండేషన్ పేరు మీదికి వచ్చాయి. ఆ దశాంశం ఊరికే పడలేదు. ప్రత్యేక తీర్మానాన్ని సొంతంగా నెగ్గించుకునే గీతను దాటించే అంకె అది. 2025లో ఇంగ్లిష్ క్లబ్ బ్రైటన్ యజమాని టోనీ బ్లూమ్ 98.6 లక్షల పౌండ్లు పెట్టి 29 శాతం వాటా తీసుకున్నారు. ఓటు హక్కు లేని షేర్లు అవి. బయటి డబ్బు వస్తే అభిమానుల మాట పోతుందన్న వాదనకు ఇంతకన్నా మంచి జవాబు మాకు కనబడలేదు.

అభిమానుల చేతిలో ఉంటే క్లబ్ బాగుపడుతుందని మేము అనడం లేదు. ప్రతి సభ్యుడికీ 35 పౌండ్లు పెట్టించి 2008లో ఎబ్స్‌ఫ్లీట్ యునైటెడ్‌ను కొన్న ‘మైఫుట్‌బాల్‌క్లబ్’ ముచ్చట అయిదేళ్లలో తీరిపోయింది. ఎక్కడెక్కడివాళ్లో కలిసి కొన్న వాటా అది, సరదా తీరాక సభ్యత్వాలు రాలిపోయాయి. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా రెండూ సభ్యుల సొత్తే. అయినా 2021 ఏప్రిల్‌లో యూరప్ పెద్ద క్లబ్బులు తమకంటూ విడిగా పెట్టుకోబోయిన సూపర్ లీగ్ దుస్సాహసానికి ముందు నడిచినవాటిలో అవీ ఉన్నాయి. పోర్ట్స్‌మత్‌ను 2013లో వెయ్యి పౌండ్ల షేర్లతో నిలబెట్టిన అభిమానులే, పాత స్టేడియం మరమ్మతుకు తమ వల్ల కాదని గ్రహించి, 2017లో ఓటేసి మరీ డిస్నీ మాజీ అధిపతి మైకేల్ ఐస్నర్‌కు అమ్మారు. దాన్ని ఓటమిగా లెక్కవేసేవారితో మేము ఏకీభవించం. అమ్మాలా వద్దా అని వాళ్లను అడిగారు, అవునన్నారు. మాంచెస్టర్‌లో, ఆర్సెనల్‌లో అడిగినవారే లేరు.

జర్మనీ దారి వేరు. అక్కడ 1998 నుంచి 50+1 నియమం ఉంది, ఒకటి రెండు మినహాయింపులు పోను ఓట్లలో సగం మీద ఒకటి క్లబ్ సభ్యులదే. లీగ్ వ్యాపారంలోకి ప్రైవేటు పెట్టుబడి తెచ్చే ప్రతిపాదనను 2024 ఫిబ్రవరిలో వెనక్కి తీసుకున్నారంటే, వారాల తరబడి అభిమానులు నిరసనగా మైదానంలోకి విసిరిన టెన్నిస్ బంతులతో పాటు ఈ నియమం ఇచ్చిన ధైర్యమూ కారణమే. బ్రిటన్‌కు అంత దూరం వెళ్లే ఉద్దేశం లేదు. 2025లో వచ్చిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం ఇంగ్లండ్‌లో స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టి, చిహ్నం, జెర్సీ రంగులు, సొంత మైదానం వంటివాటికి రక్షణ కల్పించింది. మంచిదే. ఓటు మాత్రం ఇవ్వలేదు, దాన్ని అభిమానులే కొనుక్కోవాలి.

కొనడానికి సమయం క్లబ్ కింది డివిజన్‌లో ఉన్నప్పుడు, షేరు చవగ్గా ఉన్నప్పుడు, టేకోవర్ వార్త ఏ పత్రికలోనూ లేనప్పుడు. నిరసన బ్యానర్లు లేచే రోజుకు ధర చేజారిపోయి ఉంటుంది. కొన్నవి సభ్యుల పేర విడివిడిగా కాక ట్రస్టు పేర ఉండాలి, పది పౌండ్లు పెట్టినా పదివేలు పెట్టినా సభ్యుడికి ఒకటే ఓటు ఉండాలి. పాత వాటాదారులు ఫ్రేము విప్పనక్కర్లేదు, తమ ఓటు ట్రస్టు వేసేలా రాసిచ్చే ప్రాక్సీ పత్రం మీద సంతకం చాలు. ఇంకో పని ఉంది, అందరూ మరిచిపోయేది: చనిపోయినవారి షేర్లు. వారసులకు సంగతి తెలియక, చిరునామాలు మారి, ఓటు వేసే దిక్కులేక పడున్న షేర్లను వెతికి పట్టుకోవడానికి పెట్టుబడి అక్కర్లేదు, వాటాదారుల రిజిస్టరు ముందేసుకుని కూర్చునే ఓపిక కావాలి.

యాజమాన్యమే షేర్లిస్తామని ముందుకొస్తే ముందు ఓటు గడి చూడాలి. సూపర్ లీగ్ గొడవ తర్వాత, 2021 జూన్‌లో, అభిమానుల కోసం షేర్ల పథకం తెస్తామనీ, కుటుంబానికున్న ఓటు బలమే వాటికీ ఇస్తామనీ జోయెల్ గ్లేజర్ మాటిచ్చారు. 2012లో న్యూయార్క్ మార్కెట్‌లో జనానికి అమ్మిన మాంచెస్టర్ యునైటెడ్ షేరుకు ఒక ఓటు, కుటుంబం దగ్గర ఉంచుకున్న షేరుకు పది ఓట్లు. మాటిచ్చిన ఆ పథకం ఏళ్లు గడిచినా అమలుకు నోచుకోలేదు.