వాల్యూమెట్రిక్ వెయిట్ గారికి బరంపురం నుంచి ఒక విన్నపం

పెట్టె పట్టే చోటును కొలిచి దాన్నే బరువుగా లెక్కగట్టే మహారాజశ్రీ వాల్యూమెట్రిక్ వెయిట్ గారి సముఖానికి,

బరంపురం వాస్తవ్యుడు, పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు అనేక నమస్కారాలతో వ్రాసుకొనే విన్నపం. ఉభయకుశలోపరి అనడం మర్యాద గనుక అన్నాను. మీ కుశలానికి ఏ లోటూ ఉండదు, నా కుశలం సంగతే ఈ ఉత్తరం.

కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా అని ఎన్నో ఏళ్ళపాటు ఆరో తరగతి పిల్లలను అడిగాను. తొందరపడి ఇనుము అన్నవాణ్ణి బెంచీ ఎక్కించాను. దూదే బరువని మాత్రం ఏ మొద్దబ్బాయీ అనలేదు. ఆ జవాబు చెప్పినవారు మీరొక్కరే, చెప్పి ఊరుకోకుండా దానికి రసీదు కూడా ఇచ్చారు.

జరిగింది మనవి చేస్తాను. న్యూజెర్సీలో ఉన్న అమ్మాయికి గుమ్మడి వడియాలు, సగ్గుబియ్యం వడియాలు, ఇంత మరమరాల మిక్చరు పంపుదామని మా ఇంటావిడ నెల రోజులు డాబా మీద కాకులను తోలింది. అట్టపెట్టె మీద 40, 30, 30 సెంటీమీటర్లని అచ్చువేసి ఉంది. కొరియర్ కౌంటరులో కాటా మీద పెడితే 2 కిలోల 900 గ్రాములు తూగింది. నేను పర్సు తీయబోతుండగా అక్కడి కుర్రాడు జేబులోంచి టేపు తీశాడు. వడియాల ఒత్తిడికి పెట్టె మూడు వైపులా కాస్త ఉబ్బింది. ఉబ్బిన చోటే కొలిచి, సెంటీమీటరులో ముక్క ఎక్కువైనా పై అంకెకు సవరించి, 41ని 31తో, మళ్ళీ 31తో హెచ్చవేసి, వచ్చిన 39,401ని 5000తో భాగించి, 7.88 కిలోలని తేల్చి, అర కిలోల లెక్కలో దాన్నీ పైకి జరిపి, "మాస్టారూ, వాల్యూమ్‌లో ఎనిమిది కేజీలు పడుతోందండీ" అన్నాడు. లెక్క తప్పని అనలేకపోయాను. నా దగ్గర చదువుకున్నవాడే.

పెట్టె ఉబ్బకుండా ఉంటే 36,000 ఘన సెంటీమీటర్లే, 7.2 కిలోలే, పైకి జరిపినా ఏడున్నర దగ్గర ఆగేవారు. అంటే సెంటీమీటరు కూడా లేని ఆ పొట్టకు అర కిలో ఖరీదు కట్టారన్నమాట.

మీ పక్షాన న్యాయం లేదని నేననను. విమానం పొట్టలో చోటు కొంచెం, వడియాల్లాంటి సరుకు ఎక్కిస్తే బరువు హద్దు చేరకముందే చోటు నిండిపోతుంది, ఆ చోటుకు ఎవరో ఒకరు డబ్బు కట్టాలి. అందుకే కొరియర్లవారు ఐదు లీటర్ల చోటును ఒక కిలో అంటారు. విమాన సరుకు రవాణాలో సాధారణంగా 6000తో భాగిస్తారు, అక్కడ ఆరు లీటర్లకు కిలో. ఆ లెక్కన నా పెట్టె ఆరున్నర కిలోలకు కాస్త పైన ఆగేది. ఓడలో విడిగా పంపే సరుకైతే ఘనపు మీటరును ఒక టన్నుగా చూసి, చోటు, బరువులలో ఏది పెద్దదైతే దానికే వసూలు చేస్తారు. గాలిలో ఒక బరువు, నీటి మీద ఒక బరువు ఉన్న పెట్టె మా ఇంటి కాటా మీద మూడో బరువు తూగితే ఆశ్చర్యమేముంది? మీ కీర్తి గాలికీ నీటికీ పరిమితం కూడా కాదు: అమెరికాలో యూపీఎస్ సంస్థ 2014 డిసెంబరు చివరి నుంచి, ఫెడెక్స్ సంస్థ 2015 జనవరి నుంచి నేల మీద వెళ్ళే, మూడు ఘనపు అడుగులకు లోపున్న చిన్న పెట్టెలకు సైతం మిమ్మల్ని వర్తింపజేశాయి.

అయితే పరిమాణం చూసి వెల కట్టడం మాకు కొత్తదని భ్రమపడకండి. ఇక్కడ ఒడియావారు గౌణితో, మేము కుంచంతో, మానికతో తరతరాలుగా కొలిచినవాళ్ళమే. కాని మరమరాలు కొలిచి బియ్యం ధర అడిగిన వర్తకుణ్ణి మా పెద్దలెవరూ చూడలేదు. మరో తేడా కూడా ఉంది. కుంచం నిండాక పైన గోపురంగా పోసి, ఆపైన ఒక గుప్పెడు కొసరు వేసేవాడు అమ్మేవాడు. మీ దగ్గర ఆ గుప్పెడు కొనేవాడే వేయాలి, సెంటీమీటరు దగ్గర ఒకసారి, అర కిలో దగ్గర రెండోసారి. కొసరును ఇటు నుంచి అటు తిప్పిన ఘనత మీదే.

ఇక గోడ మీద పిల్లి స్వభావం. పోయిన ఏడాది అమ్మాయికి బరంపురం పట్టుచీరలు నాలుగు మడతపెట్టి చిన్న పెట్టెలో పంపాను. చీరలు బిగువుగా సర్దుకొని కూర్చున్నాయి, చోటు తక్కువ, బరువు ఎక్కువ. ఆ రోజు మీరు కనిపించనే లేదు. రెండు బరువుల్లో అదే పెద్దది గనుక కాటా చెప్పినదే వేదమన్నారు.

ఈ సంగతంతా విని మా ఇంటావిడ నాకంటే గట్టి లెక్క వేసింది. "ఏమండీ, ఎనిమిది కిలోలకు డబ్బు పుచ్చుకొని మూడు కిలోలే మోశారు కదా, మిగిలిన ఐదు కిలోలు మనవే" అంది. తరువాతి పెట్టెలో వడియాల సందుల్లో పాత కాగితాలకు బదులు కందిపొడి, మన ఊరి అప్పడాల కట్టలు, ఆవకాయ పొట్లాలు, చివర మిగిలిన మూలలో అమ్మాయి ఎప్పటినుంచో అడుగుతున్న చిన్న రోలు, పొత్రం కూరింది. పెట్టె ఉబ్బకుండా చుట్టూ తాడు బిగించాం. కౌంటరులో కుర్రాడు టేపు తీసి కొలిచాడు, ఏడున్నరే. మా ఇంటావిడ నా వైపు గర్వంగా చూసింది. అతడు టేపు చుట్టి జేబులో పెట్టుకొని, పెట్టెను రెండు చేతులా ఎత్తి కాటా మీద పెట్టాడు. 8 కిలోల 200 గ్రాములు తూగింది.

ఎనిమిదిన్నరకు రసీదు రాశాడు.

చిత్తగించవలెను,
ఇట్లు,
మీ కొసరు చెల్లిస్తున్న ఒక మాస్టారు