తెల్ల ఎలుగుకు దేవరకొండ బస్సు

ఎండాకాలం వచ్చిందంటే నల్లగొండలో మా వీధి మలుపున ఐస్‌క్రీం బండి నిలబడుతుంది. దాని మీద ఒక ధ్రువపు ఎలుగుబంటి, ఒక పెంగ్విన్ భుజాల మీద చేతులేసుకుని ఒకే కోన్ నాకుతుంటాయి. మూడేళ్లుగా ఆ బొమ్మ నా బీపీ పెంచుతోంది. "అన్నా, ఎలుగు ఉండేది ఉత్తరాన, పెంగ్విన్‌ది దక్షిణం. ఇవి జన్మలో కలవవు" అని చెప్పి చూశాను. "బండి మీద కలిసినయి గద సార్. కప్పా, కోనా?" అన్నాడు.

సరే, ఎలుగు ఆ పెంగ్విన్‌ను కలవాలనే బయల్దేరింది అనుకుందాం. ఉత్తర ధ్రువం నుంచి నల్లగొండ బస్టాండుకు 8 వేల కిలోమీటర్ల పైచిలుకు. ఎంక్వయిరీ కిటికీలో మూతి పెట్టి, "దక్షిణ ధ్రువం ఏ ప్లాట్‌ఫారం?" అంటుంది.

"దేవరకొండల మారాలె. ఇంకో 12 వేల కిలోమీటర్లుంటది."

ఆడ ఎలుగు కాబట్టి టికెట్ ఫ్రీ. ఆధార్ చూపాలి. కండక్టరమ్మకు అనుమానం. "ఫొటోల తెల్లగున్నవ్, గిప్పుడు ఆకుపచ్చగెందుకున్నవ్?"

"నా వెంట్రుక తెలుపు కాదమ్మా, రంగే లేదు. లోపల బోలు. వెలుగు పడి చెదిరితే తెల్లగా కనిపిస్తది. తోలు నలుపే. దారిలో నీళ్లల్ల మునిగితే ఆ బోలులో నాచు పట్టింది. 1970ల చివర్ల అమెరికాల శాన్ డియేగో జూలో మావాళ్లకూ గిట్లనే అయింది."

లేడీస్ సీటులో పాతుకుపోయిన పెద్దాయన లేవడు గానీ ప్రశ్నలు మాత్రం వేస్తాడు. "చలికాలమంతా పండుకోవా నువ్వు?"

"కడుపుతో ఉంటేనే మంచు గుహలో పండుకుంటం తాతా. మగోళ్లు చలికాలమంతా సీలు వేటలోనే ఉంటరు."

"వేటప్పుడు ఎడమ చేత్తో నల్లముక్కు మూసుకుంటవట గద?"

"వాట్సాప్‌లో వచ్చిందా?"

ఇదంతా నవ్వులాటే. తెల్ల ఎలుగు మీద మనం ఎన్ని కోతలు కోసినా దానికి పోయేదేమీ లేదు. మరి పక్కనే అమ్రాబాద్ అడవిలో చెదలు, ఇప్పపువ్వు తిని బతికే మన నల్ల ఎలుగు సంగతి? దాని వెంట్రుక తాయెత్తులో కడితే పిల్లల జడుపు పోతుందట! ఆ ఒక్క మాట మీద ఎన్నేళ్లు వ్యాపారం నడిచింది! కూనగా ఉన్నప్పుడే పట్టుకొచ్చి, కాల్చిన ఇనుప చువ్వతో మూతికి బెజ్జం పొడిచి, పళ్లు పీకి, తాడు బిగించి ఊరూరా ఆడించారు. 1972లోనే వన్యప్రాణుల చట్టం వచ్చింది. అయినా ఎవడికి పట్టింది? అట్లా ఆడించే ఎలుగు మా వాడకూ వచ్చింది. మా నాయనమ్మ నా జబ్బకు ఆ వెంట్రుక కట్టించింది, నన్ను దాని వీపు మీద కూర్చోబెట్టించింది. మూతి చుట్టూ పుండు మీద ఈగలు ముసిరి ఉన్నాయి. జడుసుకున్నది ఆ ఎలుగు, తాయెత్తు నాకు! సిగ్గులేని జాతి మనది.

మొన్న బండి దగ్గర ఈ గోడంతా వెళ్లబోసుకున్నాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"మంచి మాట చెప్పినవ్ సార్. వచ్చే ఏడు మన నల్లదాన్నే గీయిస్త. ముక్కుకు తాడు పెట్టియ్యమంటవా?"