తాగి నడిపి ప్రాణం తీస్తే స్టేషన్ బెయిలా?

తాగి కారు నడిపి ఒకరిని చంపినవాడు ఆ సాయంత్రానికే ఇంటికి చేరుతున్నాడంటే తప్పు పోలీసులది మాత్రమే కాదు, చట్టానిది కూడా. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) కింద గరిష్ఠంగా ఐదేళ్ల జైలు. పాత ఐపీసీ 304ఏలో రెండేళ్లే ఉండేది కాబట్టి కొంత మేలే. కానీ ఇప్పటికీ అది బెయిలబుల్ నేరమే. పూచీకత్తు ఇస్తే వదలక తప్పదు.

మొన్న మా వీధి అబ్బాయి కోసం మార్చురీ ముందు కూర్చున్నాం. పంచనామా, సంతకాలు, ఆధార్ జిరాక్సులు. వాళ్ల అమ్మ ఒడిలో అతని టిఫిన్ డబ్బా ఉంది. డబ్బాకు సొట్ట పడింది, మూత మాత్రం ఊడలేదు. శవాన్ని మాకు అప్పగించకముందే కారు నడిపినవాడు బెయిలు మీద వెళ్లిపోయాడని కబురు వచ్చింది. ఆ తల్లికి ఏ సెక్షన్ అర్థమవుతుంది?

అదే కేసును 105 కింద, అంటే హత్యగా పరిగణించని నరహత్యగా నమోదు చేస్తే బెయిలు అంత తేలిక కాదు. తాగి కారు నడిపి ముంబైలో పేవ్‌మెంట్ మీద నిద్రిస్తున్న ఏడుగురు కూలీలను బలిగొన్న అలిస్టర్ పెరేరాకు నరహత్య సెక్షన్ కిందే పడిన శిక్షను సుప్రీంకోర్టు 2012లో సమర్థించింది. ఆ శిక్ష ఎంత? మూడేళ్లు. ఏడు ప్రాణాలకు మూడేళ్లు!

ఏ సెక్షన్ పెట్టాలన్నది ఎఫ్ఐఆర్ రాసేవారికి వదిలేయడమే నాకు మింగుడుపడనిది. బండి నడిపేవాడికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండి, అతని వల్ల ప్రాణం పోతే అది నాన్ బెయిలబుల్ అని చట్టంలోనే రాయాలి. కనీస శిక్ష ఉండాలి. తీర్పు వచ్చేవరకు స్టీరింగ్ ముట్టనివ్వకూడదు.

ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే ట్రాక్టరుకు వెనక ఎర్రలైటు లేక బైకు గుద్దుకుంటే అదీ నేరమే. కానీ ఆ రైతునూ ఈ తాగుబోతునూ ఒకే గాటన కట్టమని నేను అనను.

ఇక ఢీకొట్టి పారిపోయేవారికి పదేళ్ల వరకు జైలు విధించే 106(2) సంగతి. 2024 జనవరిలో దానికి వ్యతిరేకంగా లారీ డ్రైవర్లు సమ్మె చేశారు. ఆ ఏడాది జులై 1న న్యాయ సంహిత అమలులోకి వచ్చినా ఆ ఒక్క నిబంధనను అమలులోకి తేలేదు. ఆగితే జనం కొట్టి చంపుతారన్న వాళ్ల భయం నిజమైనదే. అయితే ఆ సెక్షన్ పోలీసులకు గానీ మేజిస్ట్రేటుకు గానీ వెంటనే తెలియజేయకుండా పారిపోయినవారికే వర్తిస్తుంది. దూరంగా వెళ్లి అయినా సమాచారం ఇవ్వడానికి ఏం అడ్డు?

క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలోది, అంటే కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల అంశం. రాష్ట్రపతి ఆమోదంతో మన శాసనసభ కూడా సవరణ తేవచ్చు. వరంగల్, కరీంనగర్ జిల్లాల ఎమ్మెల్యేలకు వినతిపత్రం రాస్తున్నాను. సంతకం చేసేవారు ఇక్కడ చెప్పండి, కాగితం నేనే తెస్తాను.