పెళ్లికి పోతూ మైలేజీ పరీక్ష

కరెంటు కారు కొన్నప్పటి నుంచి మా మామ రోడ్డు చూడడం తగ్గించాడు. చూపంతా స్టీరింగ్ వెనక ఉన్న అంకె మీదే. కిలోమీటరుకు ఎన్ని వాట్ అవర్లు ఖర్చయ్యాయో అందులో పడుతుంది. అవి 1000 అయితే ఇంటి మీటరులో ఒక యూనిట్.

మొన్న కడప నుంచి రాయచోటికి పెళ్లికి బయల్దేరాం. ఎండ మాడ్చేస్తోంది. ఏసీ నొక్కబోతే చెయ్యి పట్టుకున్నాడు. "రీడింగ్ చెడిపోతాది అబ్బీ!" అద్దాలు దించితే గాలి వెనక్కి లాగుతుందని అదీ వద్దన్నాడు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు అవుతుందట, అందుకని నలభై దాటడు. నలభైలో పోయే కారును గాలి ఏపాటి లాగుతుందో ఆయనకే తెలియాలి. వెనక సీట్లో అత్తయ్య పట్టుచీరలో ఆవిరి కుడుములా ఉడుకుతోంది. ఒక ట్రాక్టరాయన మమ్మల్ని దాటిపోతూ "తోయల్నా అన్నా?" అనడిగాడు.

గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే 120లో ఉన్న అంకె 300 దాటింది. మామకు చెమటలు పట్టాయి. మాకు ఎప్పుడో పట్టాయి. బరువును కొండెక్కించాలంటే కరెంటు కావాలి కదా, మామ అద్దంలోంచి అత్తయ్యను ఒక చూపు చూశాడు. ఆమెకు అర్థమైంది. పైన ఊళ్లో కారు ఆపించి, రెండు కిలోలు అనుకున్న పాలకోవా ఐదు కిలోలు కట్టించింది.

మేం చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి, వంటవాళ్లు గంగాళాలు కడుగుతున్నారు. మామ పెళ్లికూతురి తండ్రిని పట్టుకుని, ఘాట్ ఎక్కినా యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు వచ్చిందని చెప్పాడు. ఆయన "శుభం" అన్నాడు.

తిరుగు దారిలో మామ పంట పండింది. దిగుడులో యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మోటారే జనరేటరై బ్యాటరీకి కరెంటు పంపుతుంది. అంకె ముందు మైనస్ పడింది. "చూడబ్బీ, కారే మనకు బాకీ!" ఎక్కినప్పుడు పోయినదాంట్లో కొంతే వెనక్కొస్తుందని చెప్పబోయి ఊరుకున్నాను.

అసలు గొడవ ఇంటికొచ్చి ఛార్జింగ్ పెట్టాక. కారు లెక్క 13 యూనిట్లు, గోడ మీటరు లెక్క 15. ఛార్జర్‌లో, బ్యాటరీలో కొంత వేడిగా పోతుంది మామా అంటే వింటేనా! మేడమీద అద్దెకున్నాయన మన లైనుకు కొక్కెం వేశాడంటూ పంచె ఎగ్గట్టి పైకెక్కాడు.

ఆయన పనిచేసేది కరెంటాఫీసులోనే. తాపీగా కిందికొచ్చి మీటరు చూశాడు. ఇంటికి మంజూరైన లోడు రెండు కిలోవాట్లు, ఛార్జరు ఒక్కటే మూడు పైన లాగుతోంది. అదనపు లోడుకు ఎంత కట్టాలో ఆయన కాగితం మీద లెక్క వేస్తుంటే, అత్తయ్య కోవా పళ్లెం తెచ్చి ముందు పెట్టి, హాల్లో ఏసీ పద్దెనిమిదికి తిప్పింది.