ఏ ఫాంగ్ జి అండీ?

డ్రగ్ సేఫ్టీలో, అంటే మందుల దుష్ప్రభావాల మీద కన్నేసి ఉంచే పనిలో ఉండేవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. పెళ్లి భోజనంలో పక్కనాయన "ఆ మాత్ర వేసుకున్నాక దద్దుర్లొచ్చాయండీ" అంటే చాలు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎన్నాళ్లు వాడారు, ఆపేశాక తగ్గిందా అని తగులుకుంటాం. మా ఆవిడ బల్ల కింద నా కాలు తొక్కుతుంది. ఇక్కడ తొక్కేవాళ్లెవరూ లేరు కాబట్టి రాసేస్తున్నా.

మొన్న వైద్య పత్రికలు వెతుకుతుంటే మా కంపెనీ మందు పేరున్న కేసు రిపోర్టు (ఒక రోగి కథని డాక్టర్ రాసి అచ్చేసేది) ఒకటి తగిలింది. చైనా సంప్రదాయ వైద్యం. యాభై దాటిన ఆవిడ, కీళ్ల నొప్పులు. నాలుక మీద తెల్లటి జిగట పూత, నాడి నడక, చలికి నొప్పి పెరగడం, ఇవన్నీ ముచ్చటగా రాశారు. మన డాక్టర్లు కూడా పేషెంటుని ఇంత శ్రద్ధగా చూస్తే బాగుండు అనిపించింది. తర్వాత కషాయం, అందులో పదకొండు మూలికలు, గ్రాములతో సహా. ఆ తర్వాత "లక్షణాలను బట్టి మార్పులు చేశాం" అని ఒక్క వాక్యం. ఏం మార్చారు, ఎందుకు మార్చారు, దేవుడికెరుక. ఏడు పొట్లాలకి నొప్పి తగ్గింది, పద్నాలుగుకి మాయమైంది. మిగతాదంతా గురువుగారి గొప్పతనం.

అడుగున ఒక లైను: "క్రియాటినిన్ కొద్దిగా పెరిగింది."

కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది అది. ముందు ఎంత ఉండేది, ఎంతైంది, మా మందు అప్పటికి వాడుతూనే ఉందా, తర్వాత ఎన్ని నెలలు చూశారు? ఏమీ లేదు. మళ్లీ పైకెళ్లి మూలికల లిస్టు చూశాను. నాలుగోది ఫాంగ్ జి. చేతిలో టీ చల్లారిపోయింది.

ఎందుకంటే బ్రస్సెల్స్ కథ మా ఫీల్డులో అందరికీ తెలుసు. అక్కడ బరువు తగ్గించే క్లినిక్ ఒకటి 1990లో తన మందుల్లో చైనా మూలికలు చేర్చింది. కొన్నాళ్లకి ఇద్దరు ఆడవాళ్లు కిడ్నీలు చకచకా పాడైపోయి ఆసుపత్రికొచ్చారు. డాక్టర్లు ఏం వాడారని అడిగి, నగరంలోని మిగతా కిడ్నీ విభాగాల్లో వాకబు చేస్తే ఇంకో ఏడుగురు దొరికారు. 1993లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. చీటీ మీద రాసింది స్టెఫానియా టెట్రాండ్రా, అంటే హాన్ ఫాంగ్ జి. పొడిలో తేలింది అరిస్టోలోకియా ఫాంగ్‌చి, అంటే గ్వాంగ్ ఫాంగ్ జి. వాడుకలో రెండూ ఫాంగ్ జి యే. రెండోదాంట్లో కిడ్నీలని తినేసే అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. బాధితులు తర్వాత దాదాపు 100 మంది అయ్యారు, కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. చైనా 2004లో గ్వాంగ్ ఫాంగ్ జి వాడకానికి స్వస్తి చెప్పింది. కాబట్టి ఈ రిపోర్టులోది మంచి ఫాంగ్ జి యే అయ్యుంటుంది. కానీ "అయ్యుంటుంది" అని నింపడానికి నా ఫారంలో గడి లేదు.

పేర్ల గందరగోళం వాళ్ల సొత్తేం కాదులెండి. బ్రాహ్మి అంటే ఒకరు నీటి బ్రాహ్మి ఇస్తారు, ఇంకొకరు సరస్వతి ఆకు ఇస్తారు. మన ఈశ్వరి వేరు, గాడిదగడప ఆకు ఆ అరిస్టోలోకియా కుటుంబానివే అని ఎంతమందికి తెలుసు?

ఫూజి అనే ఇంకో చైనా మూలికకీ వివరం కావాలి, అది మన వసనాభి జాతి. శుద్ధి చేసిందా పచ్చిదా, ఎంతసేపు మరిగించారు అన్నదాన్ని బట్టి అది మందో విషమో తేలుతుంది. దాన్ని వదిలేసి "ఫూజి 15 గ్రాములు" అని రాస్తే ఏం లాభం?

ఇలా అడిగితే ఒక వాదన వస్తుంది: మా వైద్యంలో ప్రతి రోగికీ చికిత్స వేరు, మీ పాశ్చాత్య ఫార్మాట్లలో ఇమడదు. అయ్యా, ప్రతి రోగికీ వేరు కాబట్టే కదా ఎక్కువ రాయాల్సింది! కేసు రిపోర్టులు ఎలా రాయాలో చెప్పే కేర్ మార్గదర్శకాలు 2013లోనే వచ్చాయి. చైనా వైద్యానికి తగ్గట్టు, మూలికల వివరాలతో సహా సిఫార్సులు అక్కడి నిపుణులే తయారుచేశారు. అసలు ఈ అలవాటు పుట్టిందే వాళ్లింట్లో. సుమారు 2,100 ఏళ్ల కింద చున్‌యూ యి అనే హాన్ కాలపు వైద్యుడు చెప్పిన 25 కేసులని చరిత్రకారుడు సిమా చియెన్ తన గ్రంథంలో ఎక్కించాడు. రోగి పేరు, హోదా, నాడి, ఇచ్చిన మందు, చివరికి ఏమైందీ అన్నీ ఉంటాయి. వాళ్లలో పదిమంది దాకా చనిపోయారు. అవీ చెప్పాడు. ఎప్పుడూ పొరపడవా అని చక్రవర్తి అడిగితే, అప్పుడప్పుడూ పొరపడతానని ఒప్పుకున్నాడు. చక్రవర్తి ముందండీ! ఇప్పుడు రాసేవాళ్లు మాత్రం ఎడిటర్ ముందు కూడా ఒప్పుకోరు. నేను చదివే రిపోర్టుల్లో అందరికీ అన్నీ తగ్గిపోతాయి.

రెండో గుంపు మీదా నాకు చిరాకే. కేసు రిపోర్టులన్నీ చెత్త, పెద్ద ట్రయల్స్ తప్ప ఏదీ చదవం అంటారు. బ్రస్సెల్స్‌లో దొంగని పట్టింది ట్రయల్ కాదు, ఇద్దరు పేషెంట్లని సరిగ్గా అడిగిన డాక్టర్లు.

రచయితకి ఫాలో-అప్ మెయిల్ పెట్టాను. మూడే ప్రశ్నలు: ఏ ఫాంగ్ జి, శాస్త్రీయ నామంతో సహా, క్రియాటినిన్ ముందెంత, తర్వాతెంత, ఆవిడ ఇప్పుడెలా ఉంది. రెండు వారాలైంది. సోమవారం రిమైండర్ పంపాలి.