మేకపిల్ల బావిలో ఎప్పుడు పడింది?

తొమ్మిదో తరగతి తెలుగు యూనిట్ టెస్టులో నేనిచ్చిన ఒక ప్రశ్న మీద మా స్టాఫ్ రూమ్‌లో వారం రోజులు రచ్చ. ఐదు వాక్యాలు కలగాపులగం చేసి ఇచ్చాను. వరుసలో పెట్టి, అలా ఎందుకు పెట్టారో రెండు ముక్కలు రాయమన్నాను.

ఎవరో ఆ కంప పొయ్యిలోకి పట్టుకుపోయారు.
మా మేకపిల్ల బావిలో పడింది.
రాత్రంతా వాన.
పంచాయతీ వాళ్ళు ముళ్ళకంప అడ్డం వేశారు.
బావి గట్టు కుంగింది.

వాన, గట్టు, కంప, పొయ్యి. వీటి వరుసలో పెద్ద పేచీ లేదు. 'ఆ కంప' అన్నాక అంతకుముందే కంప వచ్చి ఉండాలి కదా. తంటా అంతా మేకపిల్లతోనే. గట్టు కుంగగానే పడిందంటే, మేక పోయాక గానీ పంచాయతీ వాళ్ళకి మెలకువ రాలేదన్నమాట. చివర్లో పడిందంటే పాపం కంప ఎత్తుకుపోయినవాళ్ళది. అక్షరం మారలేదు, నేరం మాత్రం ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తికెక్కింది. ఒకమ్మాయి మేకపిల్లనే మొదట పెట్టింది. "మా నాయనమ్మ ఏదైనా ఇలాగే చెప్తుంది సార్, ముందు ఏడుపు, తర్వాత సంగతి" అని రాసింది. మూడు రకాలకీ ఫుల్ మార్కులేశాను.

"కీలో ఒకటే ఆన్సర్ ఉండాలి మాస్టారూ" అన్నారు పెద్దసారు. ఆయన్ని అని లాభం లేదు. బ్యాంకు పరీక్షల కోచింగుల్లో నేర్పేదీ అదే. 'అయితే', 'అందుకే'లతో మొదలైన వాక్యాన్ని మొదటి స్థానంలోంచి కొట్టేయ్, పేరున్న వాక్యం తర్వాతే 'ఆయన' ఉన్నది పెట్టు, మిగిలింది టిక్ చెయ్. ఎంబీఏ సీట్ల కోసం రాసే క్యాట్‌లో ఆప్షన్లు ఇవ్వకుండా వరుస అంకెలు టైప్ చేయమంటారు, అది కొంచెం నయం. కానీ ఎందుకా వరుస అని అక్కడా ఎవరూ అడగరు. ఆలోచన ఉండేది ఆ 'ఎందుకు'లో కాదా?

ఈ పద్ధతి పరీక్షల వాళ్ళు కనిపెట్టిందేం కాదు. 18వ శతాబ్దంలో బోస్టన్‌లో అన్నగారి ప్రెస్సులో పనిచేసే కుర్రాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్, 'స్పెక్టేటర్' అనే ఇంగ్లీషు పత్రిక వ్యాసాల్లోని ఒక్కో వాక్యం సారాన్ని ముక్కలుగా రాసుకుని, వాటిని కావాలనే కలిపేసేవాడు. కొన్ని వారాలాగి, తనంతట తను వరుసలో పెట్టి, వ్యాసం మళ్ళీ రాసి, అసలుతో పోల్చుకునేవాడు. ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నాడు. గమనించండి, టిక్ పెట్టి ఊరుకోలేదు, తిరిగి రాశాడు. మన దగ్గర పద్యానికి అన్వయం చెప్పించడమూ ఇలాంటిదే. కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ అని వెతికి పదాలు వరుసకి తెచ్చేలోపు సగం అర్థం తెలిసిపోయేది. ఇప్పుడు తాత్పర్యం గైడులో రెడీగా దొరుకుతోంది.

అసలు షాకు నాకు తగిలింది మొన్న. పిల్లల వ్యాసాలనే కత్తెరతో వాక్యాలుగా కత్తిరించి, పక్క బెంచీకి ఇచ్చాను. 'నీటి పొదుపు' మీద ఒకబ్బాయి రాసింది ఎవరికీ కుదరలేదు. నీరు ప్రాణాధారం. నీటిని వృథా చేయరాదు. నీరు లేనిదే జీవం లేదు. ప్రతి ఒక్కరూ నీటిని కాపాడాలి. చివరికి రాసినవాడికే ఇచ్చాను. చీటీలు అటూ ఇటూ జరిపి, "ఎలా పెట్టినా ఒకేలా ఉంది సార్" అన్నాడు.

ఆ వ్యాసానికి పదికి తొమ్మిది వేసింది నేనే.