ముక్కలే కదా అనకండి

ఇప్పుడే ఫోన్ పెట్టేసి ఇది రాస్తున్నాను. ఒళ్లు మండిపోతోంది. పొడుగ్గానే ఉంటుంది, ఓపికున్నవాళ్లే చదవండి.

స్వెటర్లు అల్లే నిట్టింగ్ సూదులు దాచుకోవడానికి గుడ్డముక్కలతో ఒక సంచి కుట్టుకున్నాను. లోపల జతకో అర, పైన మూతలా మడిచే పట్టీ, మొత్తం చాపలా చుట్టి నాడాతో కట్టేసే రకం. చాన్నాళ్లుగా వాయిదా పడుతూ వచ్చిన పని. అయిపోయిందన్న సంతోషంలో ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాను. కాసేపటికే మా పిన్ని కూతురు ఫోన్. "అక్కా, భలే ఉంది! నాకూ రెండు కుట్టి పంపవా, ఒకటి నాకు, ఒకటి మా ఫ్రెండ్‌కి. ఎలాగూ ముక్కలే కదా, నీకు ఖర్చేముంది?" అంది.

ఖర్చేముందట! ఈ మాట నన్నొక్కదాన్నే అనలేదు, చేత్తో ఏదో ఒకటి చేసుకునే మనందర్నీ ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. ముక్కలతో కుట్టావు కాబట్టి ఊరికే వచ్చింది అనుకుంటారు. నా చేతులు ఊరికే వచ్చాయా? కళ్లు లాగేస్తుంటే బాబిన్ దారం విప్పి మళ్లీ మళ్లీ కుట్టిన టైము ఊరికే వచ్చిందా? అసలు ముక్కలతో కుట్టడమే కష్టమని వీళ్లకి ఎవరు చెప్పాలి? కొత్త గుడ్డ ఒక మీటరు తెచ్చుకుంటే టేపు పెట్టి చాక్‌తో గీసి ఒకేసారి కత్తిరించేయొచ్చు. ముక్కలతో ఆ హాయి లేదు.

ముందు ఉతకాలి. పాత చొక్కా ఎన్నోసార్లు నీళ్లు చూసింది, దాని ముడుచుకోవడం ఎప్పుడో అయిపోయింది. దాని పక్కనే ఇంకా ఉతకని కొత్త కాటన్ ముక్క వేసి కుట్టామా, మొదటి ఉతుకులో అది ఒక్కటే ముడుచుకుపోయి చుట్టూ గుడ్డంతా కుచ్చిళ్లు పడిపోతుంది. తర్వాత ఇస్త్రీ. తర్వాత ప్రతి ముక్కకీ పడుగు, అంటే నిలువు పోగు ఎటు, పేక, అంటే అడ్డ పోగు ఎటు అని చూసుకోవాలి. తానులోంచి కోసిన గుడ్డకి అంచు ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది. చొక్కా చంక దగ్గర మిగిలిన ముక్కకి అంచు ఎక్కడిది? ఒక పోగు లాగి చూసుకోవాల్సిందే. అది చూసుకోకుండా క్రాస్‌లో, అంటే పోగులు ఏటవాలుగా ఉన్న ముక్కని కలిపేస్తే, నిలువుగా అరల కుట్లు వేసేటప్పుడు అక్కడ గుడ్డ సాగి అలలు అలలుగా లేస్తుంది, ఎంత ఇస్త్రీ చేసినా కూర్చోదు. బనియన్ గుడ్డ, టీషర్టు గుడ్డ అయితే అసలు పనికే రావు, సూదుల బరువుకి కిందికి వేలాడిపోతాయి.

ఇక లెక్క. 12 సెంటీమీటర్ల ముక్కలు అయిదు కలిపితే 60 వస్తుందని అనుకుంటారు కదా, రాదు. ప్రతి అతుకు దగ్గరా అటు ఒక సెంటీమీటరు, ఇటు ఒక సెంటీమీటరు కుట్టులోకి పోతుంది. నాలుగు అతుకులకి 8 సెంటీమీటర్లు హారతి. మిగిలేది 52. ఇది తెలియక ముక్కలు అతికించి చూసుకుంటే రెండు జతలకి చోటు తగ్గిపోతుంది. అతుకు వేసిన ప్రతిసారీ లేచి ఇస్త్రీపెట్టె దగ్గరికి వెళ్లి ఆ అతుకు అంచులు అటొకటి ఇటొకటి విడదీసి అణిచి రావాలి, లేకపోతే తర్వాతి అతుకు దాని మీదుగా వెళ్లేటప్పుడు వంకర పోతుంది. కూర్చోవడం, లేవడం, కూర్చోవడం, లేవడం, నడుం పట్టేస్తుంది. ఇది "ముక్కలే కదా".

ఈ మధ్యలో నన్ను ఇంకో విషయం కూడా తినేస్తోంది, చెప్పేస్తాను. ముక్కలతో కుట్టుకోండి, ఇంట్లో ఉన్నవాటితోనే అంటూ వీడియోలు పెడతారు చూడండి, వాటిలో ఆ ముక్కలన్నీ ఒకే రంగు వరసలో, ఒకే మందంలో, ఒక్క ముడత లేకుండా ఉంటాయి. అవి ముక్కలు కావు, ముక్కల కోసం కొత్తగా కొని కోసిన గుడ్డ. దానికి తోడు అతికించే క్యాన్వాసు అర మీటరు, మధ్యలో పెట్టే దూది పొర అర మీటరు, మ్యాచింగ్ పైపింగ్, ఒక మాగ్నెట్ బటన్ అని జాబితా చదువుతారు. పోనీ అది కొనుక్కోగలిగినవాళ్లు కొనుక్కుంటారు, నాకు బాధ లేదు. కానీ దాన్ని చూసిన వాళ్లకి ముక్కలతో కుట్టడం అంటే నాలుగు నిమిషాల పని అని మనసులో పడిపోతుంది. విప్పడం చూపించరు, ఇస్త్రీ చూపించరు, మిషన్ సూది విరగడం చూపించరు. జీన్స్ గుడ్డ నాలుగు మడతలు ఒకచోట కలిసినప్పుడు సన్నటి 11 నంబర్ మిషన్ సూది నిలవదు, లావుపాటి 16 నంబర్ వేసుకుని చక్రం చేత్తో తిప్పుకుంటూ ఒక్కో కుట్టూ దాటించాలి. ఆ సంగతి చెబితే ఏం పోయింది? ఆ వీడియోలు చూసే కదా మా చెల్లెలు లాంటివాళ్లు ఫోన్ చేసి రెండు కావాలంటారు!

అరల సంగతి వింటే ఇంకా అర్థమవుతుంది. 2, 3 మిల్లీమీటర్ల సన్న జతకి రెండున్నర సెంటీమీటర్ల అర సరిపోతుంది. 8, 10 మిల్లీమీటర్ల లావు జతకి అయిదు కావాలి, ఎందుకంటే సూది గుండ్రంగా ఉంటుంది, గుడ్డ దాని మీదికి ఎక్కి దిగాలి. అన్నీ ఒకే కొలతలో గీస్తే లావువి దూరవు, సన్నవి నిలవవు. సూదిని మొన కిందికి, గుండు పైకి ఉండేలా పెడతాం. సన్నటి స్టీలు మొన పల్చటి కాటన్‌ని కొన్నాళ్లకి పొడుచుకుని బయటికి వచ్చేస్తుంది, అందుకే అరల అడుగున జీన్స్ గుడ్డ రెండు మడతలు వేశాను. అర మూతి దగ్గర కుట్టు వెనక్కీ ముందుకీ వేసి బిగించాను, సూది తీసేటప్పుడు లాగుడంతా అక్కడే పడుతుంది మరి. 35 సెంటీమీటర్ల పొడుగు సూదులకి తగ్గట్టు ఎత్తు పెట్టి, పైన మడిచే పట్టీకి ఇంకో 12 వదిలాను. ఆ పట్టీ లేకపోతే చుట్టిన సంచి తలకిందులైతే చాలు, జతలన్నీ జారి కిందపడతాయి. వైరు ఉన్న సర్క్యులర్ సూదులకి వేరే జేబు.

నాడా గురించి చెప్పకుండా ఉండలేను, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. జీన్స్ ప్యాంటు కాలి అంచు ఉంటుంది కదా, మడిచి గట్టిగా కుట్టేసినది, దాన్ని చుట్టూతా కోసి తీసి నాడా చేశాను. కుట్టుని ఆనుకుని కోస్తే పోగులు లేచిపోతాయి, కాబట్టి కాస్త పైకి కోసి ఆ అంచుని లోపలికి మడిచి మళ్లీ కుట్టాను. అరిగి అరిగి మడత మీద నీలం పోయి తెల్లటి గీత తేలింది, కొత్త గుడ్డ మీద ఆ గీత ఎవరూ గీయలేరు. చూసినప్పుడల్లా ఎంత ముద్దొస్తుందో! దాన్ని పట్టుకుని ఖర్చేముంది అంటే కోపం రాదా చెప్పండి.

నిజం చెప్పాలంటే ఈ కోపం ఇవాళ్టిది మాత్రమే కాదు. ఈ సంచి ఎందుకు కుట్టాల్సి వచ్చిందో కూడా చెబుతాను. ఇదే పిల్ల ఒకప్పుడు నేర్చుకుంటానని నా దగ్గర ఒక జత సూదులు పట్టుకెళ్లింది. మా మేనత్త వాడినవి, బూడిద రంగు అల్యూమినియంవి, గుండు మీద 8 అని అచ్చు వేసి ఉంటుంది. నాకు స్వెటర్ అల్లడం చేతికి వచ్చింది వాటి మీదే. తిరిగొచ్చింది ఒక్కటి. రెండోది ఏదంటే "ఎక్కడో పడిపోయిందక్కా, ఒకటి ఉందిగా" అంది. ఒకటి ఉంటే ఏం చేసుకోను? నిట్టింగ్ సూది ఒక్కటి మిగలడం అంటే ఏమీ మిగలనట్టే. నేను బాధపడ్డానని ఎవరో చెబితే ఇంకోటి కొని తెచ్చి ఇచ్చింది, వెదురుది, దాని మీదా 8 అనే ఉంది. "నంబరు అదేగా!" అంది.

నంబరు అదే, సూది అది కాదు. మేనత్త సూది పాత బ్రిటిష్ లెక్కది, అందులో 8 అంటే 4 మిల్లీమీటర్లు. ఈ పిల్ల తెచ్చింది అమెరికా లెక్కది, అందులో 8 అంటే 5 మిల్లీమీటర్లు. పైగా ఆ బ్రిటిష్ లెక్క తలకిందులు, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, 14 అంటే 2 మిల్లీమీటర్లు, మూడు సున్నాలుంటే 10. అమెరికాలో నంబరు పెరిగితే లావు. ఒక చేతిలో 4, ఇంకో చేతిలో 5 పెట్టి అల్లితే ఒక వరస బిగువు, ఒక వరస వదులు, చారలు చారలుగా వస్తుంది. దానికి తోడు అల్యూమినియం మీద ఊలు జారుతుంది, వెదురు మీద పట్టుకుంటుంది. అది నేను నెమ్మదిగా చెబితే "అంత పట్టింపు ఎందుకక్కా, టైంపాస్‌కి అల్లుకునేదేగా" అని నవ్వింది. ఆ నవ్వు నాకు ఇంకా గుర్తుంది. ఆ తర్వాతే అనుకున్నాను, ప్రతి జతకీ దాని అర ఉండాలి, అర మీద మిల్లీమీటర్లు దారంతో రాసి ఉండాలి, ఏదైనా ఒకటి లేకపోతే చూడగానే తెలిసిపోవాలి అని. అలాగే కుట్టాను. మేనత్త సూది ఒక్కటే ఉన్నా దానికీ ఒక అర ఇచ్చాను.

అలాంటిది, ఆ పిల్లకే ఆ సంచి రెండు కుట్టి పంపాలట, ఊరికే!

కుట్టి పంపను. నేర్చుకుంటానంటే రమ్మన్నాను, పక్కన కూర్చోబెట్టి చూపిస్తాను, మిషన్ కూడా ఇస్తాను. ముక్కలు తనవే తెచ్చుకోవాలి, ఉతికి, ఇస్త్రీ చేసి, పోగు లాగి పడుగు చూసుకుని తేవాలి. ఫోన్‌లో అదే చెప్పాను, "చూద్దాంలే అక్కా" అని పెట్టేసింది. మీ దగ్గరా ఇలా అడిగేవాళ్లుంటే మీరూ అదే చెప్పండి, మొహమాటపడి ఒప్పుకోకండి. సూదులు అరువడిగితే మాత్రం నేను ఇక ఎవరికీ ఇవ్వను, ఆ పిల్లకి అసలే ఇవ్వను.